పల్నాటి కథకి ఏ ఎడిషన్ సరిపోతుంది?

పోయిన వారం మా మేనల్లుడు నరసరావుపేట నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, వచ్చే కార్తీకానికి కారంపూడి పోదామనుకుంటున్నాం. నేనూ, ఇంకో నలుగురు ఫ్రెండ్సూ. వీరుల కథ చెప్పే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనకి వచ్చినంతా రికార్డు చేద్దామని. అందరం కలిసి పాతిక వేలు పోగేశాం. రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎడిషన్ కొనమంటావ్? పెద్దది కొంటే డబ్బంతా దానికే అయిపోద్ది, చిన్నది కొంటే ట్రాకులు తక్కువంట" అన్నాడు.

ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాడు ఒకడుంటే ఇలాంటి ప్రశ్నలన్నీ వాడికే వస్తాయి కదా. (ప్రింటరు పని చెయ్యకపోయినా నాకే ఫోన్ చేస్తారు, అది వేరే సంగతి.) టకామని ఏదో ఒక పేరు చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే 2007లో ఇదే ప్రశ్న నేను కూడా వేసుకున్నాను. తప్పు జవాబు చెప్పుకున్నాను. దానివల్ల ఒక పెద్దమనిషి గొంతు పోగొట్టాను. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి... ఎక్కువ కాదు, ఎనిమిది వందల ఏళ్లు.

పల్నాటి యుద్ధం గురించి కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటాను. పన్నెండో శతాబ్దం చివర, 1180ల ప్రాంతంలో, గురజాల నలగామరాజుకీ మాచర్ల మలిదేవుడికీ మధ్య, అంటే అన్నదమ్ముల మధ్య, కారంపూడి దగ్గర జరిగిన పోరు. అటు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం, వనవాసం, రాయబారం, చివరికి అందరూ చావడం. నాగులేరు ఒడ్డున వీర్ల గుడి ఇప్పటికీ ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వరసగా ఉత్సవం జరుగుతుంది. ఆ కథని పాడేవాళ్లని వీరవిద్యావంతులు అంటారు. వాళ్లకి ఇది కచేరీ కాదు, కొలుపు.

ఈ పాట ఎంత పాతదంటే, 'క్రీడాభిరామం'లోనే ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల కథ పాడటం గురించిన వర్ణన ఉంది. అంటే ఆరు వందల ఏళ్ల కిందటికే ఈ కథ పల్నాడు దాటి రాజధాని దాకా పోయిందన్నమాట. అప్పటికి రికార్డింగు సాధనం ఒక్కటే, మనిషి బుర్ర. ఖర్చు లేదు, లైసెన్సు లేదు, ట్రాకుల పరిమితి లేదు. బ్యాకప్ మాత్రం కొడుకో, శిష్యుడో.

సరే, అసలు విషయానికొద్దాం. తెలుగులో 'కూర్పు' అని చక్కటి మాట ఉంది. పుస్తకానికీ వాడతాం, సాఫ్ట్‌వేర్‌కీ వాడతాం. కాకపోతే వెర్షన్‌కీ ఎడిషన్‌కీ రెండింటికీ అదే మాట వాడేసి గందరగోళపడుతుంటాం. వెర్షన్ అంటే నిన్నటిదీ ఇవాళ్టిదీ. ఎడిషన్ అంటే ఒకే రోజు, ఒకే సరుకు, మూడు ధరలు. తక్కువ ధరదాంట్లో ఏదో ఒకటి కత్తిరించి ఉంటుంది. కాబట్టి ఎడిషన్ ఎంచుకోవడమంటే ఏం కావాలో ఎంచుకోవడం కాదు, ఏం పోయినా పర్లేదో ఎంచుకోవడం. ఈ లెక్కన చూస్తే పల్నాటి కథకి కంప్యూటర్ రాకముందు నుంచే ఎడిషన్లు ఉన్నాయి. ప్రతి ఎడిషన్‌లోనూ ఏదో ఒకటి కత్తిరించారు.

మొదటిది రాత ఎడిషన్. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు ఈ కథని మంజరీ ద్విపదలో రాశాడంటారు. ఆయన పేరుతో మనకి దక్కింది ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధం భాగం. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు తాటాకుల్లోంచి తీసి, పెద్ద పీఠికతో 1911లో అచ్చు వేయించారు. ఆయనే పూనుకోకపోతే ఇవాళ మనకి అది కూడా లేదు. కానీ అచ్చులోకి మాట వచ్చింది, రాగం రాలేదు. పంబ మోత రాలేదు. కథకుడు ఎక్కడ ఆగి నీళ్లు తాగాడో, ఎక్కడ జనం మీద విరుచుకుపడ్డాడో రాలేదు. ఇది ఉమాకాంతం గారి తప్పు కాదు. కాయితం అనే ఎడిషన్‌లో ఆడియో ఫీచర్ లేదు, అంతే.

తర్వాత గ్రామఫోను. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్క సుమారు మూడు నిమిషాలు తిరుగుతుంది. రాత్రుళ్ల తరబడి సాగే పల్నాటి కథ నిడివిని లెక్క కోసం గుండ్రంగా 30 గంటలు అనుకుందాం. 1800 నిమిషాలు, అంటే 600 పక్కలు, అంటే 300 రికార్డులు. కొనేవాడెవడు, మోసేవాడెవడు? అందుకే ఆ ఎడిషన్‌లో ఇంత కథ పట్టలేదు. పాటని మూడు నిమిషాలకి కోసుకుని పాడగలిగినవాళ్ల గొంతులే మిగిలాయి. ఆ తర్వాత సినిమా. 'పల్నాటి యుద్ధం' 1947లో ఒకసారి, 1966లో ఒకసారి వచ్చింది. రెండూ పెద్ద సినిమాలే, కానీ సినిమా నిడివి సినిమా నిడివే. పైగా అక్కడ పాడింది వీరవిద్యావంతులు కాదు.

అసలు మలుపు టేపు రికార్డరు. 1970లలో జీన్ రోఘెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన కథని టేపు మీదకి ఎక్కించుకున్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, పరిశోధనతో కలిపి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల క్లారెండన్ ప్రెస్ ద్వారా పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకంలో నాకు నచ్చేది అనువాదం కాదు, పాడినాయన పేరు ఉండటం. మన దగ్గర జానపదం అనగానే 'సేకరణ: ఫలానావారు' అని సేకరించినవాడి పేరు వేస్తాం. పాడినవాడు గాల్లో కలిసిపోతాడు. అమెరికా నుంచి వచ్చినాయన గాలెయ్య పేరు నిలబెట్టాడు.

ఇప్పుడు మన కళ్లతో ఆ టేపుని చూడండి. ఏడంగుళాల రీలు, 1200 అడుగుల టేపు. సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంతో తిప్పితే ఒక వైపు 32 నిమిషాలు. మూడుముప్పావు అంగుళాలతో తిప్పితే 64 నిమిషాలు, కానీ నాణ్యత తగ్గుతుంది. మన 30 గంటల లెక్కకి ఒక వైపే వాడితే మొదటి వేగంలో 57 రీళ్లు, రెండో వేగంలో 29. రోఘెయిర్ ఏ వేగం వాడాడని కాదు నేననేది. ఆ రోజుల్లో ఎవడు టేపు రికార్డరు చంకన పెట్టుకుని పల్లెటూరు వెళ్లినా ముందు చేసుకోవాల్సిన లెక్క ఇదీ అని. మనం ఇవాళ శాంప్లింగ్ రేటు అంటున్నది అప్పట్లో టేపు వేగం. బడ్జెట్ తక్కువైతే నాణ్యతలో కొంత వదులుకునేవాళ్లు కానీ కథని కొయ్యక్కర్లేకపోయింది. అది మంచి ఎడిషన్ అంటే!

కంప్యూటర్ల కాలం వచ్చేసరికి కత్తిరింపు ఇంకో చోటికి మారింది. 1991లో ప్రో టూల్స్ వచ్చినప్పుడు నాలుగు ట్రాకులు, ఆరు వేల డాలర్లు. 2000లో అదే కంపెనీ ఎనిమిది ఆడియో ట్రాకులతో ప్రో టూల్స్ ఫ్రీ అని ఊరికే ఇచ్చింది. తొమ్మిదేళ్లలో ఆరు వేల డాలర్లకి రెట్టింపు సరుకు సున్నా డాలర్లకి వచ్చిందన్నమాట. అదే 2000లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టిన ఆడాసిటీ జనం చేతికొచ్చింది, సోర్సు కోడుతో సహా. 2004లో యాపిల్ గరాజ్‌బ్యాండ్, 2006లో రీపర్ మొదటి వెర్షన్. సౌండ్ కార్డు కొంటే పెట్టెలో క్యూబేస్ ఎల్ఈ లాంటి చిన్న ఎడిషన్ ఊరికే రావడం కూడా మామూలైపోయింది.

ఇదంతా చదువుతుంటే 2007 నాటికి నాకు ఏ ఇబ్బందీ ఉండకూడదు కదా? అదే నా సిగ్గు. ఆ కార్తీకంలో నేను కారంపూడి వెళ్లేటప్పటికి నా లాప్‌టాప్‌లో ఉన్నది వేలకి వేలు ఖరీదు చేసే పెద్ద ఎడిషన్. ఎలా వచ్చిందంటారా? ఫుట్‌పాత్ మీద సీడీ. క్రాక్‌తో సహా. మనలో ఎంతమంది అలా చెయ్యలేదో చేతులెత్తండి! రోజంతా సాఫ్ట్‌వేర్ రాసి దానిమీద జీతం తీసుకుంటాం, సాయంత్రం ఇంకొకడు రాసిన సాఫ్ట్‌వేర్‌ని దొంగిలిస్తాం. ఎనిమిది ట్రాకుల ఉచిత ఎడిషన్ నాకు నామోషీ అనిపించింది. నా దగ్గరున్న మైకులు ఎన్నో తెలుసా? రెండు.

కోడిపోరు నాటి రాత్రి. ఒక ఇంటి వాకిట్లో కూచుని డెబ్భై దాటిన ఒక కథకుడు పాడుతున్నాడు. ఇంకో ఇద్దరు వంత. చేతిలో కత్తి. బాలచంద్రుడు అనపోతుని నమ్మించి వెనక్కి పంపించడం, ఆ సంగతి తెలుసుకుని అనపోతు ప్రాణం తీసుకోవడం... ఆ ఘట్టం. వాకిట్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. నేను మాత్రం తెర మీద కదిలే పచ్చగీతని చూస్తున్నాను. నలభై నిమిషాలు దాటాక గీత ఆగిపోయింది. ప్రోగ్రాము మూసుకుపోయింది. క్రాక్ వల్లనో, మెమరీ చాలకనో ఇప్పటికీ తెలీదు. నేను కంగారుపడి వెంటనే ప్రోగ్రాము మళ్లీ తెరిచాను. అది తెరుచుకుంటూనే తన తాత్కాలిక ఫైళ్లన్నీ శుభ్రంగా తుడిచేసుకుంది.

పాట అయ్యాక దగ్గరికెళ్లి, "పెద్దాయనా, ఆ ముక్క ఇంకొక్కసారి పాడతావా, మిషన్ ఆగిపోయింది" అన్నాను.

ఆయన కోప్పడలేదు. చుట్ట వెలిగించుకుంటూ, "అనపోతు ఒకసారే సచ్చాడు అబ్బాయా. నీ మిషను ఆగిందని మళ్లా సంపమంటావా?" అన్నాడు.

మరుసటేడు వద్దామనుకున్నాను. మరుసటేడు రిలీజు. ఆ పైయేడు ఆన్‌సైట్. మూడో ఏడు వెళ్తే ఆయన లేడు. నా దగ్గర మిగిలింది ఆ ముందు, టీ కోసం ఆగినప్పుడు సేవ్ చేసుకున్న పదకొండు నిమిషాలు.

చాలాకాలం తర్వాత తెలిసిందేమిటంటే, ఆ రాత్రి నేను ప్రోగ్రాము మళ్లీ తెరవకుండా, ముందు ఆ తాత్కాలిక ఫైలుని కాపీ చేసుకుని ఉంటే చాలామటుకు దక్కేది. వేవ్ ఫైలులో మొదట ఒక చిన్న హెడరు ఉంటుంది, మిగతాదంతా ముడి శబ్దమే. రికార్డింగు మధ్యలో ఆగిపోతే హెడరులో నిడివి సరిగ్గా నమోదు కాదు. కానీ శబ్దం డిస్కు మీద ఉంటుంది. ఆడాసిటీలో 'రా డేటా'గా దిగుమతి చేసుకుంటే వినిపిస్తుంది. అంటే నేను నామోషీ పడిన ఉచిత సాఫ్ట్‌వేరే, నేను గొప్పనుకున్న దాని పాపాన్ని కడిగేది. హెడరంటే ఏమిటో తెలిసిన ఉద్యోగంలో ఉండి కూడా నాకు ఆ క్షణంలో తట్టలేదు.

ఇప్పుడు మా వాడి ప్రశ్నకి జవాబు చెప్పొచ్చు. వాడికేం చెప్పానో మీకూ చెప్తాను.

మొదటిది, ట్రాకుల లెక్క. కథకుడికొకటి, వంతకొకటి, పంబకొకటి, వాకిలి మొత్తానికొకటి. నాలుగు. ఇవాళ ఊరికే దొరికే ప్రో టూల్స్ ఇంట్రోలో ఎనిమిది ఆడియో ట్రాకులున్నాయి. ఎబుల్టన్ లైవ్ ఇంట్రోలో పదహారు. కంపెనీలు చిన్న ఎడిషన్లలో ఎక్కువగా కత్తిరించేవి ట్రాకులు, ఎఫెక్టులు, తయారుగా ఉంచిన వాయిద్యాలు. అంటే మనకి అక్కర్లేనివే. సినిమా పాట కట్టేవాడికి అవి కావాలి. పల్నాటి కథకి వంద ట్రాకులెందుకు?

రెండోది, మనకి నిజంగా కావాల్సింది నిడివి. సెకనుకి 48 వేల శాంపిళ్లు, 24 బిట్లు, నాలుగు ట్రాకులు అనుకుంటే గంటకి సుమారు 2 జీబీ. ముప్ఫై గంటలకి 62 జీబీ. 57 రీళ్లు పట్టే కథ ఇప్పుడు గోరంత కార్డులో పడుతుంది. కాకపోతే మామూలు వేవ్ ఫైలుకి 4 జీబీ హద్దుంది, 32 బిట్ల లెక్క కాబట్టి. నాలుగు ట్రాకులూ ఒకే ఫైల్లోకి పోతుంటే రెండు గంటలకి ఆ గోడ తగులుతుంది. మీరు వాడేది అక్కడ ఆగిపోతుందా, కొత్త ఫైలు మొదలెడుతుందా అన్నది ఇంట్లోనే పరీక్షించుకోవాలి. టీవీ ముందు పెట్టి మూడు గంటలు వదిలెయ్యండి, తెలిసిపోతుంది.

మూడోది, ఉచితం అంటే శాశ్వతం కాదు. కేక్‌వాక్ సంగతి చూడండి. 1987 నుంచి ఉన్న పేరు. వాళ్ల సోనార్‌ని గిబ్సన్ 2017 నవంబరులో ఆపేసింది. డబ్బులు పెట్టి కొన్నవాళ్లు నోరెళ్లబెట్టారు. 2018లో బ్యాండ్‌ల్యాబ్ తీసుకుని అదే సరుకుని ఊరికే ఇచ్చింది. అందరూ సంబరపడ్డారు. 2023లో మళ్లీ డబ్బు కూర్పులు వస్తాయని ప్రకటించింది. 2025లో కొత్త సోనార్‌కి ఒక ఉచిత స్థాయి పెట్టింది. ఎనిమిదేళ్లలో ఒకే సాఫ్ట్‌వేర్ చచ్చి, బతికి, ఊరికే వచ్చి, మళ్లీ డబ్బులకి వెళ్లి, మళ్లీ సగం ఊరికే వచ్చింది. ఎవర్నీ తప్పు పట్టడం లేదు, వ్యాపారం అలాగే ఉంటుంది. కానీ ముప్ఫై ఏళ్లుండాల్సిన గొంతుని ఏ కంపెనీ ప్రాజెక్టు ఫైలులోనూ వదిలిపెట్టకూడదు. ఆడాసిటీదైనా సరే. 2021 నుంచి దాని ప్రాజెక్టు ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. మనకి ముచ్చటగా ఉంటుంది కానీ ముప్ఫై ఏళ్ల తర్వాత మా వాడి మనవడికి వేవ్ ఫైలే నయం. రికార్డు చేసిన రాత్రే ప్రతి ట్రాకునీ వేవ్‌గా బయటికి తీసి రెండు చోట్ల పెట్టుకోవాలి.

నాలుగోది, రికార్డింగు లాప్‌టాప్‌లో వద్దు. బ్యాటరీతో నడిచే చేతి రికార్డరుతో చెయ్యండి. కరెంటు పోయినా, ఫ్యాను మోత ఉన్నా, నెట్ లేక లైసెన్సు అడగలేకపోయినా దానికి పట్టదు. పంబ మోత ఉంటుంది కాబట్టి మీటరు మైనస్ 12 దగ్గర ఆడేట్టు పెట్టుకోండి. అప్పుడు సాఫ్ట్‌వేర్ పని ఇంటికొచ్చాక కోసుకోవడం, సర్దుకోవడం మాత్రమే. దానికి ఆడాసిటీ చాలు. చాలకపోతే రీపర్. అందులో ఎడిషన్లే లేవు. ప్రోగ్రాము ఒక్కటే, 60 రోజులు చూసుకోవచ్చు. సొంతానికి వాడుకునేవాళ్లకి 60 డాలర్లు, పెద్ద వ్యాపారానికి 225. తేడా ఫీచర్లలో కాదు, కొనేవాడి జేబులో.

"అయితే పాతిక వేలూ ఏం చెయ్యమంటావ్ మామయ్యా?" అన్నాడు వాడు.

రికార్డరుకీ మైకులకీ పన్నెండు వేలు. రెండు డిస్కులకీ, బస్సులకీ, భోజనాలకీ ఐదు వేలు. మిగతా ఎనిమిది వేలు పాడేవాళ్లకి, అదీ పాడక ముందే చేతిలో పెట్టమన్నాను. ఫైలు పేరులో వాళ్ల పేర్లుండాలి, 'జానపదం' అని కాదు. ఎక్కడ వినిపించొచ్చో, ఎక్కడ కూడదో వాళ్లనే అడగమన్నాను. కొలుపులో కొన్ని బయట పెట్టొద్దంటారు, పెట్టొద్దు. సాఫ్ట్‌వేర్‌కి సున్నా. రీపర్ కావాల్సొస్తే ఆ 60 డాలర్లు నేను కడతానన్నాను. ఫుట్‌పాత్ సీడీ బాకీ ఒకటి ఉంది కదా.

"పెద్ద ఎడిషన్ కొనకపోతే క్వాలిటీ తగ్గదా?" అని ఇంకా అనుమానంగానే అడిగాడు.

ఇదే నేను చెప్పదలుచుకున్నది. ఏ ఎడిషన్‌లో ఏం లేదని కంపెనీ వాడు వేసే పట్టిక చూసి బెంగపడతాం. మనం రికార్డు చెయ్యబోయేదానికి ఏది లేకపోతే కుదరదో ఆ పట్టిక మనం రాసుకోం. ఉమాకాంతం గారికి కాయితమే ఉంది, దాంట్లో పట్టినంత పట్టారు. రోఘెయిర్‌కి టేపుంది, గాలెయ్య గొంతు పట్టాడు. నాకు అందరికంటే పెద్ద ఎడిషన్ ఉంది, పదకొండు నిమిషాలు పట్టాను.

మా వాడు వెళ్లబోయే పెద్దాయనకి డెబ్భై ఆరంట. ఇద్దరు కొడుకులూ హైదరాబాదులో వాచ్‌మన్లు, కథ రాదు. కార్తీకం దాకా ఆగొద్దు, ఈ ఆదివారమే ఒకసారి వెళ్లి రమ్మన్నాను. రికార్డరు రాకపోయినా ఫోనులోనైనా సరే.

మీలో ఎవరికైనా ఇంతకంటే చవగ్గా, గట్టిగా ఉండే పద్ధతి తెలిస్తే చెప్పండి. మాచర్ల, గురజాల వైపు వాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఊళ్లో ఇంకా పాడేవాళ్లున్నారేమో ఒకసారి ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది ఆ తర్వాత చూసుకుందాం.